మంచు మీద తొలి సీజనా? వెళ్లేముందు ఇవి చూసుకోండి

ధ్రువాల దగ్గర మంచు మీద పరిశోధనకి వెళ్తున్నామంటే అందరూ చలి గురించే భయపెడతారు. చలికి బట్టలున్నాయి. నన్నడిగితే ముందు భయపడాల్సింది పగుళ్లకి. వీటినే క్రెవాస్‌లంటారు. గాలికి కొట్టుకొచ్చిన మంచు పగులు నోటి మీద వంతెనలా పేరుకుపోతుంది. పైనుంచి చూస్తే చుట్టూ ఉన్న తెల్లదనమే, తేడా కనిపించదు. కింద పదుల మీటర్ల గొయ్యి.

గ్రీన్‌లాండ్‌లో 1990లో స్విస్ క్యాంప్ అనే పరిశోధన శిబిరం నెలకొల్పిన శాస్త్రవేత్త కాన్రాడ్ స్టెఫెన్‌కి ఆ చోటు సొంత పెరడు లాంటిది. 2020 ఆగస్టులో ఆ క్యాంప్ దగ్గరే పగుల్లో పడి చనిపోయారు. ఒకప్పుడు అక్కడ పగుళ్ల బెడద లేదని, వాతావరణం వేడెక్కి మంచు ఒత్తిడికి లోనవడంతోనే అవి మొదలయ్యాయని ఆయనతో పనిచేసినవాళ్లు చెప్పారు. అంటే మనం ఏ మార్పును కొలవడానికి వెళ్తున్నామో, ఆ మార్పే మన కాళ్ల కింద కూడా జరుగుతోంది. అందుకే నిరుటి జీపీఎస్ దారి ఫోన్లో ఉందని దాని వెంటే బండి పోనివ్వకండి. కొత్త ఉపగ్రహ చిత్రాలు చూడండి, రాడార్‌తో వెతికి జెండాలు పాతిన దారిలోనే వెళ్లండి. రెండు నిమిషాల పనికి పక్కకి వెళ్లినా సరే, జెండాల హద్దు దాటకండి.

స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) మీద ఉన్నాం కదా అన్న ధీమా కూడా వద్దు. 2016 అక్టోబరులో అంటార్కిటికాలో గోర్డన్ హామిల్టన్ అనే హిమానీనద శాస్త్రవేత్త స్నోమొబైల్‌తో సహా దాదాపు 30 మీటర్ల లోతు పగుల్లో పడిపోయారు.

తాడు, హార్నెస్ (తాడు తగిలించడానికి ఒంటికి కట్టుకునే పట్టీలు) కొనుక్కుంటే సరిపోదు. పడినవాణ్ణి పైకి లాగడం ముందే ప్రాక్టీస్ చేయాలి, అదీ మందపాటి గ్లౌజులతో. గదిలో ఒట్టి చేతులతో పది సెకన్లలో పడే ముడి అక్కడ గ్లౌజుల్లో జారిపోతూనే ఉంటుంది. విసుగొచ్చి గ్లౌజు తీసేస్తాం. తీసిన చేత్తోనే ఇనప క్లిప్పు పట్టుకుంటాం, వేళ్లు మొద్దుబారతాయి. ఆ విసుగేదో ఇంటి దగ్గరే పడండి.

ఇక చలి సంగతి. మైనస్ 20 డిగ్రీల దగ్గర గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 34లా తగులుతుంది. కాటన్ బనియన్లు తీసుకెళ్లకండి, చెమటకి తడిస్తే ఆరవు. పారతో తవ్వేటప్పుడు చెమట పట్టకముందే ఒక పొర విప్పేయండి, ఆగగానే వేసుకోండి. చలికి చర్మం గడ్డకట్టడం మొదలైతే తెల్ల మచ్చ వస్తుంది. ఎవరి బుగ్గ మీద వస్తోందో వాళ్లకి తెలియదు, పక్కవాళ్లే చూసి చెప్పాలి. మచ్చ కనిపిస్తే రుద్దొద్దు, ఒట్టి అరచేతిని ఆనించి వెచ్చబెట్టండి. గాలికి భయపడి టెంట్ పూర్తిగా బిగించేసి లోపల స్టవ్ వెలిగించడం మాత్రం చలికన్నా ప్రమాదం. స్టవ్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు, దానికి వాసన ఉండదు.

పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లి రండి. నవ్వొద్దు, సీజన్ మధ్యలో పన్ను పోటు మొదలైతే విమానం దొరకడం వాతావరణం దయ. 1961లో అంటార్కిటికాలోని నొవొలజరెవ్‌స్కయా పరిశోధన కేంద్రంలో లియోనిద్ రొగొజోవ్ అనే డాక్టర్‌కి అపెండిసైటిస్ వచ్చింది. అక్కడ వేరే డాక్టర్ లేక తన ఆపరేషన్ తనే చేసుకున్నాడు. మెడికల్ ఫారంలో పాత జబ్బులేవీ దాచొద్దనేది అందుకే.

పరికరాల విషయంలో చెప్పేది తక్కువే. చలికి బ్యాటరీలు త్వరగా చస్తాయి, రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో మీతోపాటు పెట్టుకోండి. పెన్ను గడ్డకడుతుంది, పెన్సిల్ వాడండి. మబ్బుగా ఉన్నా నల్ల కళ్లద్దాలు తీయొద్దు. ఆర్కిటిక్ వైపైతే ధ్రువపు ఎలుగుబంట్లుంటాయి, వాటిని తరిమే సామగ్రి, వాడడంలో శిక్షణ రెండూ ఉండాలి.

రోజూ రేడియోలో మాట్లాడే వేళ, ఆ వేళ తప్పితే క్యాంప్‌వాళ్లు ఎంతసేపు చూసి వెతకడానికి బయల్దేరాలో కాగితం మీద రాసి, బయటికి వెళ్లేముందు వాళ్ల చేతికి ఇవ్వండి.