ఒంటరిగా స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ మొదలుపెట్టే ముందు

కొత్త ఏడాదికి ఒక్కరే వెయిట్‌లిఫ్టింగ్ బార్ పట్టబోతున్నారా, ఇవి చూసుకోండి. స్నాచ్ అంటే బార్‌ని నేల నుంచి ఒక్క ఊపులో తల పైకి ఎత్తడం; క్లీన్ అండ్ జెర్క్ అంటే ముందు భుజాల మీదికి, తర్వాత తల పైకి ఎత్తడం.

– ముందు బార్ వదిలేయడం నేర్చుకోండి. పక్కన పట్టుకునేవాళ్లు ఉండరు కాబట్టి, స్నాచ్ వెనక్కి పోతుంటే దాన్ని అటే వదిలేసి మీరు ముందుకు దూకాలి. తేలిక బంపర్ ప్లేట్లతో (కింద పడేసినా తట్టుకునే రబ్బరు ప్లేట్లు) ఇది పదిసార్లు చేశాకే బరువు ఎక్కించండి.

– వెనకాల బెంచీ, డంబెల్స్ ఉంటే తీసేయండి. బార్ వాటి మీద పడితే ఎటు ఎగురుతుందో తెలీదు.

– మెత్తటి రన్నింగ్ షూ వద్దు, మడమ ఊగుతుంది.

– సెట్‌కి 2, 3 రెప్స్ (అంటే ఆగకుండా 2, 3 సార్లు ఎత్తడం) చాలు, అలసిపోతే ఫామ్ చెడుతుంది. ఈ లిఫ్టుల్లో బరువు నెమ్మదిగా దించే పని పెద్దగా ఉండదు, అందుకే కండ కోసం తర్వాత ఫ్రంట్ స్క్వాట్లు (బార్ భుజాల ముందు పెట్టుకుని కూర్చుని లేవడం) సెట్‌కి 8 చొప్పున తప్పకుండా వేయండి.

– పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీసి, కిలోలు నోట్‌బుక్‌లో రాయండి. నన్నైతే పొద్దున్నే లేపేది నోట్‌బుక్‌లో 42.5 కిలోల పక్కన పెట్టుకున్న టిక్కే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన కరణం మల్లీశ్వరి స్నాచ్ 110 కిలోలు!