గొరిల్లా పర్మిట్ తీసుకునే విధానం: సెక్టార్ పేరు చూడకుండా ప్రయాణం కావద్దు

ఉదయం ఏడు దాటింది. ఉగాండాలోని బ్విండి పార్కులో రుషాగా అనే సెక్టార్ (పార్కులో ఒక భాగం) అది, కొండల మీద మంచు ఇంకా విడలేదు. రేంజర్ల దగ్గర పేర్లు రాయించుకునే వరుసలో మాకంటే ముందు వైజాగ్ నుంచి వచ్చిన భార్యాభర్తలు ఉన్నారు. ప్లాస్టిక్ కవర్లో భద్రంగా తెచ్చుకున్న పర్మిట్లు తీసి ఇచ్చారు. రేంజరమ్మ చదువుతూ చదువుతూ ఒక పదం కింద వేలు పెట్టి ఆగింది. అక్కడ ‘బుహోమా’ అని ఉంది. పార్కు ఒకటే, అడవి ఒకటే. కానీ బుహోమా ఉత్తరపు అంచున, రుషాగా దక్షిణపు అంచున. అడవిని చుట్టి కొండదారిలో వెళ్లాలంటే గంటల ప్రయాణం. వీళ్లు చేరేలోపే అక్కడి జట్లు అడవిలోకి వెళ్లిపోతాయి. వాళ్లు ఆ రోజు గొరిల్లాలను చూడలేదు. ఇద్దరి పర్మిట్లకూ కలిపి 1,600 డాలర్లు కట్టి వచ్చారు.

నేను ఉగాండా రాజధాని కంపాలాలో ఉద్యోగం చేస్తున్నాను. ఊరి నుంచి ఎవరు వస్తున్నా ముందు నాకే ఫోన్ చేస్తారు. అందరికీ చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

వీసా కష్టం కాదు. ఉగాండా ఇమిగ్రేషన్ సైట్‌లో దరఖాస్తు చేసుకుంటే ఈ-వీసాకు 50 డాలర్లు. కెన్యా, రువాండా కూడా చూడాలనుకుంటే మూడు దేశాలకూ కలిపి 90 రోజుల ఈస్ట్ ఆఫ్రికా వీసా 100 డాలర్లు. ముందు ఏ దేశంలో దిగుతారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. సైట్ చిరునామా చివర ‘గో డాట్ యూజీ’ అని ఉందో లేదో చూసుకోండి. చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ప్రైవేటు సైట్లు ఇదే పనికి అదనంగా వసూలు చేస్తాయి.

ఇక అసలు కాగితం పర్మిట్. బ్విండి, మ్గహింగా పార్కులకు దీన్ని ఇచ్చేది ఉగాండా వైల్డ్‌లైఫ్ అథారిటీ. సొంతంగా తీసుకోవచ్చు, లేదా అక్కడ లైసెన్సు ఉన్న టూర్ ఆపరేటర్ ద్వారా తీసుకోవచ్చు. 2024 జూలై నుంచి విదేశీ పర్యాటకుడికి 800 డాలర్లు, ఉగాండాలో నివాస అనుమతితో ఉంటున్న విదేశీయుడికి 700. ఒక గొరిల్లా కుటుంబం దగ్గరికి రోజుకు 8 మందినే పంపుతారు, అదీ ఒక్క గంట. 2018లో బ్విండి వైపు లెక్కలు ముగిశాక ప్రపంచం మొత్తం మీద తేలిన కొండ గొరిల్లాలు 1,063. అందుకే అంత కట్టుదిట్టం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు తక్కువ కాబట్టి రద్దీ ఎక్కువ. ఆ నెలల్లో రావాలనుకుంటే చాలా నెలల ముందే తీసుకోండి, విమానం టిక్కెట్టు ఆ తర్వాతే కొనండి.

మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఆపరేటర్‌కు డబ్బు పంపగానే ఒక ఇన్‌వాయిస్ వస్తుంది. దాని మీద పార్కు పేరు, తేదీ, గొరిల్లా బొమ్మ అన్నీ ఉంటాయి. అది పర్మిట్ కాదు, మీరు బయానా ఇచ్చినట్టు రసీదు మాత్రమే. పర్మిట్ మీద మీ పేరు, పాస్‌పోర్టు నంబరు, తేదీ, సెక్టార్ ఉండాలి. బ్విండిలో సెక్టార్లు నాలుగు: బుహోమా, రుహిజా, రుషాగా, న్‌కురింగో. మీ పర్మిట్ మీద ఉన్న సెక్టార్‌లోనే మీరు అడవిలోకి దిగాలి. బస కూడా ఆ పక్కనే ఉండాలి. వైజాగ్ దంపతుల విషయంలో జరిగింది ఇదే. పర్మిట్ ఒకరు తీశారు, లాడ్జి వేరొకరు బుక్ చేశారు, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఎవరూ చూడలేదు. పర్మిట్ కాపీ చేతికొచ్చిన రోజే లాడ్జికి ఫోన్ చేసి ‘మీరున్నది ఏ సెక్టార్?’ అని అడగండి. రెండు నిమిషాల పని.

పేరు దగ్గర ఇంకో చిక్కు. ఇంటిపేరును ఒక్క అక్షరంతో కుదించి వాట్సాప్‌లో టైప్ చేసి పంపడం మన అలవాటు. పాస్‌పోర్టులో అదే పేరు పూర్తిగా ఉంటుంది. టైప్ చేయకుండా పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటో పంపండి. గడువు దగ్గర పడుతుంటే ముందు కొత్త పాస్‌పోర్టు తీసుకుని ఆ నంబరుతోనే పర్మిట్ అడగండి.

‘మీ అన్నయ్య కంపాలాలోనే ఉంటున్నారుగా, రెసిడెంట్ రేటుకి ఇప్పిస్తా’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. నివాస అనుమతి ఉన్నది అన్నయ్యకి, మీకు కాదు. తలకు 100 డాలర్లు మిగులుతాయని ఆశపడితే తనిఖీలో మొత్తం పర్మిట్ పోయే ప్రమాదముంది. పిల్లల విషయం కూడా అంతే. 15 ఏళ్లు నిండని వాళ్లను గొరిల్లాల దగ్గరికి పంపరు, పొడుగ్గా ఉన్నా సరే. వయసు పాస్‌పోర్టులో చూస్తారు.

రువాండాలో పర్మిట్ 1,500 డాలర్లు. అక్కడ వోల్కనోస్ పార్కుకి వచ్చిన వాళ్లంతా కినిగీలో ఒకే చోట చేరతారు కాబట్టి ఈ సెక్టార్ తికమక ఉండదు.

ఎల్లో ఫీవర్ టీకా కార్డు విషయం తేలిగ్గా తీసుకోకండి. ఉగాండాలో దిగడానికి అది కావాలి, తిరిగి ఇండియాలో దిగేటప్పుడూ చూపాలి. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ కార్డు చెల్లదు, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) లాంటి, కేంద్ర ఆరోగ్య శాఖ గుర్తించిన కేంద్రాల్లోనే వేయించుకోవాలి. పాస్‌పోర్టు తీసుకెళ్లండి. అరవై దాటినవాళ్లు, గర్భిణులు, గుడ్డు పడనివాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి. సూది వేయకుండానే కార్డు ఇస్తామనే దళారులున్నారు. వాళ్ల జోలికి వెళ్లకండి. ఆ జ్వరం ప్రాణాలు తీసేది.

అమ్మానాన్నలను తీసుకురావచ్చా అని చాలామంది అడుగుతారు. తీసుకురావచ్చు. సంచి మోయడానికి, బురదలో చెయ్యి పట్టుకుని నడిపించడానికి పక్క ఊళ్ల పోర్టర్లు ఉంటారు. అస్సలు నడవలేని వాళ్లను శబరిమల డోలీలా మోసుకెళ్లే ఏర్పాటు కూడా ఉంది. దానికి మనుషులు ఎక్కువ కావాలి, ఖర్చూ ఎక్కువే, అందుకని ముందుగానే ఆపరేటర్‌తో మాట్లాడి పెట్టుకోవాలి.

అడవిలోకి వెళ్లే రోజు ఉదయం ఒరిజినల్ పాస్‌పోర్టు, ప్రింట్ తీసిన పర్మిట్, మాస్కు దగ్గర ఉంచుకుని ఏడు, ఏడున్నరకల్లా మీ సెక్టార్‌లో రేంజర్ల దగ్గరికి చేరండి. ఏ కుటుంబం దగ్గరికి పంపాలో రేంజర్లే చెబుతారు. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే దాచకుండా చెప్పండి. మన జలుబు గొరిల్లాలకు అంటుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మీకు ఆ రోజు కుదరకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా, తేదీ మారుస్తారా అన్నది పర్మిట్ కొనేటప్పుడే ఆపరేటర్‌తో రాతపూర్వకంగా తీసుకోండి.