జియోలైట్ తయారీలో ముడిపదార్థాల ప్రభావాన్ని పరీక్షించడం ఎలా?

సిలికాన్, అల్యూమినియం నిష్పత్తి ఒకటే అయినా, అవి ఏ పదార్థం నుంచి వచ్చాయన్నదాన్ని బట్టి ఒక సీసాలో కోరుకున్న జియోలైట్ (సూక్ష్మ రంధ్రాలుండే సిలికాన్-అల్యూమినియం ఖనిజం), పక్క సీసాలో వేరే ఖనిజం ఏర్పడవచ్చు. ముడిపదార్థం క్షారంలో ఎంత త్వరగా, ఎంత పూర్తిగా కరుగుతుందన్నదే ఇందుకు ప్రధాన కారణం. సిలికాన్, అల్యూమినియం సమానంగా ఉండే జియోలైట్ ‘ఎ’తో దీనిని పరీక్షించవచ్చు. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

మొదట శుద్ధ రసాయనాలతో ఒక ప్రమాణ నమూనా చేసుకోవాలి. 80 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 0.723 గ్రా. సోడియం హైడ్రాక్సైడ్ కరిగించి, రెండు సమభాగాలు చేసి, ఒకదానిలో 8.258 గ్రా. సోడియం అల్యూమినేట్‌ను, రెండోదానిలో 15.48 గ్రా. సోడియం మెటాసిలికేట్ పెంటాహైడ్రేట్‌ను కరిగించాలి. ఈ కొలత అల్యూమినా సగానికి కాస్త తక్కువగా ఉండే అల్యూమినేట్‌కు వర్తిస్తుంది కనుక, డబ్బాపై శాతం చూసి బరువు సరిచేసుకోవాలి. సిలికేట్ ద్రావణాన్ని అల్యూమినేట్‌లో ఒక్కసారిగా పోస్తే చిక్కని తెల్లని జెల్ వస్తుంది. దానిని బాగా కలిపి, మూత బిగించిన పాలీప్రొపిలీన్ సీసాలో 99 డిగ్రీల సెల్సియస్ దగ్గర 3 నుంచి 4 గంటలు ఉంచి, చల్లార్చి, వడగట్టి, కడిగిన నీటి పీహెచ్ 9 కంటే తగ్గేవరకు కడిగి ఆరబెట్టాలి.

తరువాత చైనా క్లే, అంటే కేయోలిన్. ఇందులోనూ సిలికాన్, అల్యూమినియం సమానంగానే ఉంటాయి. అయినా పచ్చి మట్టిని నేరుగా వాడితే చాలావరకు హైడ్రాక్సీసోడలైట్ (సోడలైట్ రకానికి చెందిన, మనకు అక్కర్లేని ఖనిజం) వస్తుంది, ఎందుకంటే దాని పొరల్లో అల్యూమినియం ఆరు ఆక్సిజన్ల మధ్య బిగుసుకుని ఉండి సులభంగా విడిపోదు. 600–700 డిగ్రీల వద్ద రెండు గంటలు కాల్చితే ఆ కట్టు సడలి మెటాకేయోలిన్ అవుతుంది. 950 డిగ్రీలు దాటనిస్తే మళ్లీ మొండి స్ఫటికాలు మొదలవుతాయి. పై నమూనాకు సమానమైన మిశ్రమం కావాలంటే 8.5 గ్రా. మెటాకేయోలిన్, 9.8 గ్రా. సోడియం హైడ్రాక్సైడ్, 88 మి.లీ. నీరు తీసుకోవాలి. పచ్చి మట్టితోనూ ఒక సీసా పెట్టి చూడండి; ఈ మొత్తం ప్రయోగంలో అన్నిటికంటే ఎక్కువ నేర్పేది ఆ పోలికే.

మన రైస్ మిల్లుల ఊక బూడిద కూడా మంచి సిలికా మూలమే. కాకపోతే ఊకను 700 డిగ్రీల లోపే కాల్చాలి. వేడి మించితే సిలికా క్రిస్టోబలైట్ అనే స్ఫటికంగా గట్టిపడి కరగడం మందగిస్తుంది. థర్మల్ కేంద్రాల ఫ్లై యాష్‌లో మాత్రం గాజు భాగమే త్వరగా కరుగుతుంది, క్వార్ట్జ్, ముల్లైట్ అనే స్ఫటికాలు మిగిలిపోతాయి. అందుకే దానిని ముందుగా సోడియం హైడ్రాక్సైడ్‌తో 550 డిగ్రీల వద్ద కాల్చి వాడతారు.

ప్రతి మిశ్రమం నుంచి 1, 2, 4, 8 గంటలకు నమూనా తీయాలి, ఎందుకంటే గాఢ క్షారంలో ఎక్కువసేపు ఉంచితే ‘ఎ’ సోడలైట్‌గా మారిపోతుంది. స్ఫటికాలను గుర్తించే ఎక్స్-రే డిఫ్రాక్షన్ యంత్రంలో, రాగి నుంచి వెలువడే ఎక్స్-రేతో చూస్తే ‘ఎ’ శిఖరాలు 7.2, 10.2, 12.5 డిగ్రీల కోణం (2θ) వద్ద, సోడలైట్‌ది 14.1 వద్ద, క్వార్ట్జ్‌ది 26.6 వద్ద కనిపిస్తాయి. క్వార్ట్జ్ శిఖరం మిగిలితే ఆ సిలికా చర్యలో పాల్గొననట్టే. దానిని తీసివేసి నిష్పత్తిని మళ్లీ లెక్కించి, తక్కువపడినంత సోడియం సిలికేట్ కలిపి తరువాతి మిశ్రమాన్ని సిద్ధం చేసుకోవాలి.