అప్పు లెక్కలు – 3వ పాఠం: కార్డు బాకీకి మూడేళ్లు ఏ రోజు నుంచి?

పోయిన పాఠంలో క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్‌లో బిల్లు తేదీని, కట్టాల్సిన గడువు తేదీని వేరుచేసి చూశాం. ఇవాళ ఆ రెండో తేదీతోనే పని.

ప్రామిసరీ నోటు సంగతి మనవాళ్లకు కొత్తేం కాదు. మూడేళ్లు దాటితే నోటు మురిగిపోతుంది. అందుకే అప్పిచ్చినాయన ముందే వచ్చి, వెయ్యో రెండువేలో పుచ్చుకుని, నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటాడు. కార్డు బాకీ మీద సివిల్ దావా వేయడానికీ 1963 నాటి లిమిటేషన్ చట్టం ఇచ్చింది మూడేళ్లే. కాకపోతే నోటు మీద తేదీ కనిపిస్తూనే ఉంటుంది, కార్డుకు మనమే వెతుక్కోవాలి.

చాలామంది కార్డు గీకిన రోజు నుంచి లెక్కపెడతారు. అది తప్పు. టీవీ కొన్న రోజున మీరు ఎగ్గొట్టిందేమీ లేదు, గడువు ఇచ్చింది బ్యాంకే. ఆ గడువు దాటినా మినిమమ్ డ్యూ (కనీసం కట్టాల్సిన సొమ్ము) కూడా కట్టకపోతే, మామూలుగా అప్పటి నుంచే లెక్క. గడువు 2023 ఏప్రిల్ 5 అయి, ఆ తర్వాత పైసా కట్టకపోతే, 2026 ఏప్రిల్ మొదటి వారంతో దావా గడువు తీరినట్టే.

రికవరీ ఏజెంటు ఎన్ని ఫోన్లు చేసినా, బ్యాంకు నోటీసు పంపినా, బాకీని రైటాఫ్ చేసినా (ఇక రాదని తన లెక్కల్లోంచి తీసేసినా), వేరే కంపెనీకి అమ్మేసినా లెక్క మళ్లీ మొదటికి రాదు. మీ సంతకంతో మాత్రం వస్తుంది. మూడేళ్లు నిండకముందు బాకీ ఒప్పుకుంటూ సంతకం చేస్తే, లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ కింద ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు. కొంత సొమ్ముకు చెక్కు ఇచ్చినా 19వ సెక్షన్ కింద అంతే. చెక్కు మీద సంతకం మీదేగా! నోటు వెనక చెల్లు లాంటిదే ఇదీ.

మురిగాక పెట్టిన సంతకానికి 18వ సెక్షన్ వర్తించదు. కానీ "కడతాను" అని రాసిచ్చి సంతకం చేశారా, కాంట్రాక్టు చట్టం 25(3) కింద అది కొత్త ఒప్పందమైపోతుంది. సెటిల్‌మెంట్ లెటర్ అంటూ చేతికిచ్చే కాగితాల్లో ఈ ముక్క ఉందేమో చూడందే పెన్ను తీయకండి. ఇంకోటి, బాకీ మురిగిందన్న ధీమాతో కోర్టు సమన్లను మాత్రం పక్కన పడేయొద్దు. వెళ్లి తేదీలు చూపించాల్సిందే.

అభ్యాసం: పై ఉదాహరణలోనే 2024 జనవరి 10న రెండు వేలకు చెక్కు ఇచ్చారు, అది పాసైంది. 2026 మే 20న బాకీ ఒప్పుకుంటూ సంతకం పెట్టారు. బ్యాంకు ఎప్పటిదాకా దావా వేయొచ్చు? ఆ చెక్కే ఇవ్వకపోయి ఉంటే? కాగితం మీద తేదీలు వరసగా రాసుకుని లెక్కవేయండి. జవాబు 4వ పాఠంలో.