పైథాన్‌కు లిబ్రేఆఫీస్ అందకపోతే ఏం చూడాలి

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి తక్‌పట్టీలను (రైతుకిచ్చే అమ్మకం చీటీలను) పైథాన్ స్క్రిప్ట్‌తో లిబ్రేఆఫీస్ కాల్క్ షీట్‌లో నింపి ప్రింట్ తీస్తున్నారనుకోండి. ఓ పూట స్క్రిప్ట్ ఆగిపోయింది. వెంటనే కోడ్ మార్చడం మొదలుపెట్టకండి. తప్పు లిబ్రేఆఫీస్ (ఇక్కడ ఆఫీస్ అంటే అదే) వైపుందా, పైథాన్ వైపుందా అన్నది ముందు తేలాలి.

‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’ అని, పక్కనే యూనో (బయటి స్క్రిప్ట్ ఆఫీస్‌తో మాట్లాడే మార్గం) పేరు కనిపిస్తే స్క్రిప్ట్ కనెక్షన్ దాకా పోనేలేదు. విండోస్‌లో లిబ్రేఆఫీస్ తన సొంత పైథాన్‌ను ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది. స్క్రిప్ట్‌ను దాంతోనే నడపండి. ఉబుంటులో ‘పైథాన్3-యూనో’ ప్యాకేజీని ఆప్ట్ కమాండ్‌తో వేయండి. అది సిస్టమ్ పైథాన్‌కు చెందింది కాబట్టి మామూలు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (ఒక ప్రాజెక్టుకు విడిగా పెట్టుకునే పైథాన్‌లో) కనపడదు. సిస్టమ్ సైట్ ప్యాకేజీలు వాడుకునే ఆప్షన్‌తో ఆ ఎన్విరాన్‌మెంట్‌ను మళ్లీ తయారుచేయాలి.

‘నో కనెక్ట్ ఎక్సెప్షన్’ వస్తే పోర్టు (ఆఫీస్ కనెక్షన్ కోసం ఎదురుచూసే నంబరు) చూడాలి. చాలామంది వాడేది 2002. విండోస్‌లో నెట్‌స్టాట్, లైనక్స్‌లో ఎస్ఎస్ కమాండ్ కొట్టి, ఆ నంబరు ఎదురుగా ‘లిజన్’ ఉందా చూడండి. లేకపోతే ఆఫీస్ వింటూనే లేదు. లైనక్స్‌లో దీనికి తరచూ కారణం ఒక సెమీకోలన్. ఆఫీస్‌ను మొదలుపెట్టే కమాండ్‌లోని యాక్సెప్ట్ ఆప్షన్‌లో సాకెట్, హోస్ట్, పోర్టు తర్వాత సెమీకోలన్, యూఆర్‌పీ (యూనో వాడే ప్రోటోకాల్ పేరు) వస్తాయి. ఆ మొత్తానికీ కోట్స్ పెట్టకపోతే కమాండ్‌ను చదివే షెల్ సెమీకోలన్ దగ్గరే కమాండ్‌ను తెంపేస్తుంది. హోస్ట్ దగ్గర రెండు వైపులా 127.0.0.1 అనే రాయండి. ఒకవైపు లోకల్‌హోస్ట్ అని ఉంటే అది ఐపీవీ6 అనే వేరే రకం అడ్రస్ వైపు మళ్లే అవకాశముంది.

లిజన్ ఉండి కూడా మొదటిసారి అందకపోతే తొందరపడినట్టే. ఆఫీస్ లేవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అర సెకనుకోసారి, ఇరవై సార్లదాకా ప్రయత్నించే లూప్ రాయండి. గుడ్డిగా పది సెకన్లు స్లీప్ పెట్టడం కంటే ఇదే నయం.

కరెంటు పోయి వచ్చాక ఆగితే దారి వేరు. ఆఫీస్ పాత ఫైళ్లు రికవర్ చేయాలా అని అడుగుతుంది. హెడ్‌లెస్‌లో, అంటే విండో లేకుండా నడిపేటప్పుడు, ఆ ప్రశ్నకు జవాబిచ్చేవాళ్లు ఉండరు. అందుకే ‘నోరిస్టోర్’ ఆప్షన్ తప్పనిసరి. ఫైలు పక్కన చుక్క, టిల్డాతో మొదలయ్యే లాక్ ఫైలు మిగిలి ఉంటుంది. ఆ షీట్ ఇంకెవరూ తెరవలేదని చూసుకుని తీసేయండి. టాస్క్ మేనేజర్‌లో పాత ఎస్ఆఫీస్ ప్రాసెస్ వేలాడుతుంటే దాన్నీ ఆపాలి. గుమాస్తా అదే కంప్యూటర్లో లిబ్రేఆఫీస్ వాడుతుంటే స్క్రిప్ట్‌కు ‘యూజర్ ఇన్‌స్టలేషన్’ సెట్టింగ్‌తో విడి ప్రొఫైల్ ఇవ్వండి. లేదంటే ఆయన విండో మూసినప్పుడు మీ కనెక్షన్ కూడా పోయి ‘డిస్పోజ్డ్ ఎక్సెప్షన్’ వస్తుంది.

కనెక్షన్ కుదిరి ఫైలే తెరుచుకోకపోతే పాత్ చూడండి. యూనోకు సీ డ్రైవ్ పాత్ అర్థం కాదు, ఫైల్ యూఆర్ఎల్ కావాలి. యూనోలోని ‘సిస్టమ్ పాత్ టు ఫైల్ యూఆర్ఎల్’ ఫంక్షన్‌తో మార్చుకోండి. ఫైలు పేరు తెలుగులో ఉన్నా అదే సరిగా చూసుకుంటుంది.