ఫుట్‌బాల్ క్లబ్ బోర్డును అభిమానులు దించాలంటే ఏం చేయాలి?

జట్టు వరసగా ఓడిపోతోంది. ఉన్న ఇద్దరు మంచి ఆటగాళ్లనూ అమ్మేశారు. టికెట్ ధర మాత్రం మళ్లీ పెరిగింది. స్టాండ్‌లో ఒక మూల నుంచి "బోర్డు దిగిపోవాలి" అన్న కేకలు మొదలవుతాయి. అరిస్తే దిగిపోతారా? అరుపులకు మాత్రమే భయపడి దిగిపోయినవాళ్లు బహు తక్కువ. ఓటుకు దిగినవాళ్లున్నారు, అప్పు తీర్చలేక దిగినవాళ్లున్నారు, కోర్టు తీర్పుకో లీగ్ నియమానికో దిగినవాళ్లున్నారు. మీ క్లబ్ విషయంలో వీటిలో ఏది పనికొస్తుందో కనిపెట్టి, నిరసనను అటు తిప్పాలి.

1. దించాల్సింది బోర్డునా, యజమానినా?

చాలా నిరసనలు ఇక్కడే దారి తప్పుతాయి. బోర్డులో కూర్చున్నవాళ్లు తరచూ యజమాని పెట్టుకున్న మనుషులే. వాళ్లు పోతే ఆ కుర్చీల్లో ఇంకొకరు కూర్చుంటారు.

ఇంగ్లండ్ క్లబ్ ఎవర్టన్‌నే చూడండి. 2023 జనవరిలో సౌతాంప్టన్‌తో సొంత మైదానంలో మ్యాచ్ జరిగితే, భద్రతా కారణాలు చెప్పి డైరెక్టర్లు అటువైపు రాలేదు. అభిమానుల కోపం అంతదాకా వెళ్లింది. జూన్‌లో సీఈఓ, మరో ఇద్దరు డైరెక్టర్లు తప్పుకున్నారు. యజమాని ఫర్హాద్ మోషిరీ మాత్రం ఉన్నాడు. క్లబ్ చేతులు మారడానికి 2024 డిసెంబర్ దాకా పట్టింది. మాంచెస్టర్ యునైటెడ్‌లోనూ ఇదే వరస. 2021 ఏప్రిల్‌లో కొన్ని పెద్ద క్లబ్బులు సొంతంగా పెట్టుకోబోయిన యూరోపియన్ సూపర్ లీగ్ ప్రయత్నం కుప్పకూలుతుండగానే, క్లబ్‌ను నడిపే ఎడ్ వుడ్‌వర్డ్ తప్పుకుంటున్నట్టు ప్రకటన వచ్చింది. 2005లో క్లబ్‌ను కొన్న గ్లేజర్ కుటుంబం కదల్లేదు. 2024లో జిమ్ రాట్‌క్లిఫ్ వచ్చి పావు వంతుకు మించి వాటా కొన్నా, మెజారిటీ వాళ్ల చేతిలోనే ఉండిపోయింది.

2. క్లబ్ ఎవరి సొత్తో చూడండి

సభ్యులే యజమానులైన క్లబ్ అయితే మీ పని సగం తేలిక. బార్సిలోనా అలాంటిదే. 2020లో అధ్యక్షుడు బార్తొమేవు మీద అవిశ్వాస ఓటింగ్ కోరుతూ సభ్యులు సంతకాలు సేకరించారు. కావాల్సినవి 16,520. కోవిడ్ వల్ల స్టేడియంలోకి ఎవర్నీ రానివ్వని రోజుల్లో 20,000కు పైగా తెచ్చారు. ఆగస్టులో మెస్సీ వెళ్లిపోతాననడం ఆ కోపానికి ఆజ్యం పోసిందనుకోండి. ఓటింగ్ దాకా రాకుండానే అక్టోబర్ 27న బార్తొమేవు, ఆయన బోర్డు మొత్తం రాజీనామా చేశారు. ఇలాంటి క్లబ్‌లో బ్యానర్ కంటే నియమావళి పుస్తకం పదునైనది. ఎన్ని సంతకాలు కావాలి, ఎన్ని రోజుల్లో కావాలి అన్నవి అందులోనే ఉంటాయి.

ప్రైవేటు కంపెనీ అయితే మీకు ఓటు లేదు. అప్పుడు అప్పుల వైపు చూడాలి. 2007లో లివర్‌పూల్‌ను కొన్న హిక్స్, జిలెట్ల మీద అభిమానులు రెండేళ్లకు పైగా ఊరేగింపులు చేశారు, 2008లో స్పిరిట్ ఆఫ్ షాంక్లీ పేరుతో సంఘమే కట్టారు. ఎంత చేసినా యజమానులు చలించలేదు. 2010లో బ్యాంకు బాకీ గడువు దగ్గరపడ్డాక పరిస్థితి మారింది. హిక్స్‌కు కొత్త అప్పు ఇస్తాయని పేరు వినిపించిన సంస్థలకు అభిమానులు గుట్టలుగా ఈమెయిళ్లు పంపారు. చివరికి బోర్డులోని ముగ్గురు డైరెక్టర్లు యజమానులకు ఎదురుతిరిగి అమ్మకానికి ఒప్పుకున్నారు. లండన్ హైకోర్టు వాళ్ల పక్షానే నిలిచింది. అక్టోబర్‌లో 30 కోట్ల పౌండ్లకు క్లబ్ అమ్ముడైంది. అంటే బోర్డును దించబోయిన చోట బోర్డే యజమానులను దించింది!

3. లెక్కలు చదవగలిగే మనిషిని పట్టుకోండి

గొంతు ఉన్నవాళ్లు స్టాండ్‌లో కొల్లలు. బ్యాలెన్స్ షీట్ చదవగలిగేవాళ్లు నలుగురున్నా చాలు. బ్రిటన్‌లో కంపెనీల వార్షిక లెక్కలు కంపెనీస్ హౌస్ అనే ప్రభుత్వ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. బాకీ ఎవరికుంది, గడువు ఎప్పుడు, దేన్ని తాకట్టు పెట్టారు, స్టేడియం క్లబ్ పేరు మీద ఉందా వేరే కంపెనీ పేరు మీద ఉందా? ముందు వీటికి జవాబులు రాసుకోండి. ఆధారం లేనిదేదీ కరపత్రంలో వేయకండి. బ్లాక్‌పూల్‌ను నడిపిన ఓయిస్టన్ కుటుంబం కొందరు అభిమానుల మీద పరువునష్టం దావాలు కూడా వేసింది.

4. డిమాండ్ ఒక్కటే పెట్టండి

"క్లబ్‌ను బాగుచేయండి" అంటే ఎవరైనా సరేనంటారు, తర్వాత ఏమీ చేయరు. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ అభిమానులు 77 పౌండ్ల టికెట్ వద్దన్నారు, అంతే. సండర్‌లాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషంలో వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి జట్టు 2-0తో ముందుంది. ముగిసేసరికి 2-2. కొన్ని రోజుల్లోనే యజమానులు క్షమాపణ చెప్పి ధర వెనక్కి తీసుకున్నారు. బోర్డును దించాలనుకునేవాళ్లు కూడా ఇలాంటి చిన్న గెలుపుతో మొదలుపెడితే మంచిది. జనానికి నమ్మకం కుదురుతుంది.

5. జేబు మీద దెబ్బ, తగిలే చోటే

బాయ్‌కాట్ అన్ని చోట్లా ఒకేలా పనిచేయదు. పెద్ద లీగుల్లో టీవీ హక్కుల డబ్బు భారీగా వస్తుంది. మీరు ఖాళీ చేసిన సీటులో ఇంకొకరు కూర్చుంటారు. సీజన్ టికెట్ డబ్బు ముందే కట్టేసి మ్యాచ్ మానేస్తే నష్టం మీకే. కింది డివిజన్లలో అలా కాదు, గేటు దగ్గర వచ్చే డబ్బే ఊపిరి.

బ్లాక్‌పూల్ అభిమానులు ఈ పని ఎంత మొండిగా చేశారంటే, తలచుకుంటే నాకే దిగులేస్తుంది. క్లబ్ 2010-11 సీజన్ ప్రీమియర్ లీగ్‌లో ఆడింది. ఆ డబ్బు జట్టుకు కాకుండా యజమానుల ఇతర వ్యాపారాలకు పోయిందన్నది అభిమానుల ఆరోపణ. "ఇక ఒక్క పెన్నీ కూడా ఇవ్వం" అన్నారు. టికెట్ లేదు, జెర్సీ లేదు, మైదానంలో టీ కూడా లేదు. ఏళ్ల తరబడి సొంత జట్టు ఆటను సొంత మైదానంలో చూడకుండా ఉండిపోయారు. అయినా యజమానిని నేరుగా కూల్చింది ఈ బాయ్‌కాట్ కాదు. మైనారిటీ వాటాదారు బెలోకోన్ కోర్టుకెళ్లాడు. 2017 నవంబర్‌లో హైకోర్టు ఆయనకు 3 కోట్ల 12 లక్షల పౌండ్లకు పైగా చెల్లించమంది. ఆ డబ్బు పూర్తిగా కట్టకపోవడంతో 2019 ఫిబ్రవరిలో కోర్టు నియమించిన అధికారి (రిసీవర్) వచ్చి క్లబ్‌ను తన చేతిలోకి తీసుకున్నాడు. మార్చి 9న సౌత్ఎండ్‌తో మ్యాచ్‌కు 15,000 మందికి పైగా తిరిగొచ్చారు. బాయ్‌కాట్ లేకపోయినా తీర్పు వచ్చేదేమో. కానీ గేటు డబ్బు నిండుగా వస్తూ ఉంటే ఓయిస్టన్‌లు ఇంకొంతకాలం నెట్టుకొచ్చేవాళ్లని నా నమ్మకం.

6. ఆట ఆపండి, కానీ చట్టం దాటకండి

టీవీ కెమెరాలున్న చోట ఆట ఆగితే అందరికీ తలనొప్పే. 2023 డిసెంబర్‌లో జర్మన్ లీగ్ సంస్థ, మీడియా హక్కుల ఆదాయంలో వాటా ఇచ్చి బయటి పెట్టుబడి తెచ్చుకోవాలని నిర్ణయించింది. 36 క్లబ్బుల్లో 24 అవునన్నాయి. అభిమానులు మైదానంలోకి టెన్నిస్ బంతులు, చాక్లెట్ నాణేలు విసిరారు, రిమోట్ బొమ్మ కార్లు కూడా వదిలారు. మ్యాచ్ వెంట మ్యాచ్ ఆగింది. 2024 ఫిబ్రవరి 21న లీగ్ ఆ ప్రయత్నాన్ని విరమించుకుంది. గొడవలో ఎవరికీ దెబ్బ తగలకపోవడం, చూసేవాళ్లకు నవ్వు రావడం, నా లెక్కలో సగం బలం అదే.

ఇంగ్లండ్‌లో మైదానంలోకి దిగడం 1991 చట్టం ప్రకారం నేరం. ఏదైనా విసరడమూ అంతే. మ్యాచ్‌లకు రాకుండా కోర్టు నిషేధం పడొచ్చు, క్లబ్‌కు జరిమానా పడొచ్చు. 2024 జనవరిలో రెడింగ్ అభిమానులు దిగడంతో పోర్ట్ వేల్‌తో మ్యాచ్ మధ్యలోనే రద్దయింది. దేశమంతా వాళ్ల గోడు విన్న మాట నిజమే. యజమాని డై యోంగే మాత్రం ఇంకో ఏడాదికి పైగా కొనసాగాడు. 2025లో లీగ్ ఆయన్ను అనర్హుడని తేల్చాకే, మే నెలలో అమ్మకం పూర్తయింది. ఇంగ్లండ్‌లో 2025 జులైలో వచ్చిన చట్టంతో స్వతంత్ర నియంత్రణ సంస్థ కూడా ఏర్పడింది. ఫిర్యాదు రాయడం వచ్చినవాళ్లకు అదొక కొత్త తలుపు.

7. తర్వాత ఎవరు వస్తారో ముందే ఆలోచించండి

చార్ల్‌టన్ అభిమానులు యజమాని డుషాట్‌లేకు వ్యతిరేకంగా 2016లో ప్లాస్టిక్ పందిపిల్లలను మైదానంలోకి విసిరారు, ఆరోజు ప్రత్యర్థి కోవెంట్రీ అభిమానులూ చేయి కలిపారు. 2020 జనవరిలో ఆయన క్లబ్ అమ్మేశాడు, స్టేడియం మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. కొన్న కొత్తవాళ్లు కొద్ది నెలల్లోనే తమలో తాము తగువులాడుకున్నారు. ఆ వేసవిలో జట్టు కింది డివిజన్‌కు పడిపోయింది. అందుకే "పోవాలి" అనే కాగితం వెనక వైపు "ఎవరు రావాలి, ఏ షరతుల మీద" అన్నది కూడా రాసుకోండి. బోర్డులో అభిమానుల ప్రతినిధి, స్టేడియం అమ్మకుండా కట్టడి, ఈ రెండూ కొనేవాడు ఇంకా బేరంలో ఉండగానే అడగాలి.

8. ఏదీ కుదరకపోతే

పీటర్ లిమ్ 2014లో స్పెయిన్ క్లబ్ వలెన్సియాను కొన్నాడు. ఏళ్ల తరబడి నిరసనలు జరిగినా పట్టు వదల్లేదు. అలాంటప్పుడు మిగిలేది లండన్‌లోని వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్ అభిమానుల దారి. 2002 మే నెలలో ఆ క్లబ్‌ను మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తరలించడానికి అనుమతి వచ్చింది. అభిమానులు సొంత క్లబ్ పెట్టుకుని, జూన్ చివర్లో ఒక బహిరంగ మైదానంలో ఆటగాళ్ల ఎంపిక జరిపారు. 2011కల్లా అది ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్‌లోకి ఎక్కింది. 2020 నవంబర్ 3న, పాత క్లబ్ వదిలి వెళ్లిన ప్లౌ లేన్‌లోనే కొత్త స్టేడియంలో మొదటి మ్యాచ్ ఆడింది. కోవిడ్ ఆంక్షల వల్ల ఆ సాయంత్రం దాన్ని కట్టుకున్న అభిమానులు ఒక్కరూ లోపలికి రాలేకపోయారు.