అమ్మ మంచం పక్కన రెండో హ్యాండ్‌సెట్

మోకాళ్ల నొప్పులతో అమ్మ హాల్లోకి వచ్చేలోపే ల్యాండ్‌లైన్ రింగ్ ఆగిపోయేది. అందుకే ఆమె మంచం పక్కన రెండో కార్డ్‌లెస్ హ్యాండ్‌సెట్ పెట్టాను. దానికి వేరే లైను అక్కర్లేదు, ఛార్జర్‌కు ప్లగ్గు ఉంటే చాలు. కొనేముందు పాత ఫోన్ బేస్ (టెలిఫోన్ లైను తగిలించిన స్టాండ్) అడుగున మోడల్ నంబరు చూసుకోండి. డెక్ట్-గ్యాప్ (వేర్వేరు కంపెనీల కార్డ్‌లెస్ ఫోన్లు కలిసి పనిచేసేందుకున్న ప్రమాణం) ఉన్న వేరే కంపెనీ హ్యాండ్‌సెట్ ఆ బేస్‌తో కలిసినా, కాల్స్ తప్ప మిగతావి పనిచేయకపోవచ్చు. అదే కంపెనీది నయం.

ముందు బ్యాటరీలు పూర్తిగా ఛార్జ్ చేయండి. తర్వాత బేస్ మీద హ్యాండ్‌సెట్‌ను వెతికే బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, వెంటనే కొత్తదాని మెనూలో రిజిస్టర్ నొక్కండి. ఆలస్యమైతే బేస్ మామూలు స్థితికి వెళ్లిపోతుంది. మొదటిసారి నాకూ అంతే అయింది. పిన్ అడిగితే చాలా మోడళ్లలో 0000.

స్క్రీన్ మీద రెండో హ్యాండ్‌సెట్‌గా 2 అంకె కనిపించగానే రింగ్ సౌండ్ పూర్తిగా పెంచి, అమ్మ గది తలుపు మూసి, నా మొబైల్ నుంచి కాల్ చేశాను. రెండో రింగుకే "హలో, ఎవరండీ?" అంది.